పెయింటింగులు ఆరేసే తీగ

హెడ్‌మిస్ట్రెస్ గారికి నమస్కారాలు.

రెండో తరగతిని మీకు చెప్పకుండా మీటింగ్ హాల్లోకి ఎందుకు మార్చానో రాసివ్వమన్నారు. రాస్తున్నాను.

నేల రూపం ఎలా మారుతుందో చెప్పడానికి ట్రేలో మట్టి గుట్ట కట్టాను. దాని మీద చెట్టుకు గుర్తుగా ఒక పుల్ల గుచ్చి, కింద బడి అనుకోమని అగ్గిపెట్టె పెట్టాను. పిల్లలు మగ్గుతో నీళ్లు పోస్తుంటే ముందు పుల్ల కిందికి జరిగింది. ఆ తర్వాత గుట్ట మొత్తం అగ్గిపెట్టె మీద పడింది.

"మన బడి వెనకాల గుట్ట కూడా పడుతుందా టీచర్?" అని ఒక పాప అడిగింది.

"దానికి వేల ఏళ్లు పడుతుందమ్మా" అన్నాను.

"మరి మన తీగ ఎందుకు వదులైంది?" అంది.

పెయింటింగులు ఆరేసే ఇనప తీగ మీకు తెలుసు. ఒక కొస మా కిటికీ ఊచకు, రెండోది గుట్ట మీది చెట్టుకు కట్టి ఉంటుంది. ముడి వదులై ఉంటుందని మీరన్నారు. నిన్న సాయంత్రం అటెండరు చేత పటకారుతో బిగించి కట్టించాను. రాత్రంతా వాన. పొద్దున ఆరేసిన బొమ్మలు బురదలో జీరాడుతున్నాయి. ముడి మాత్రం చెక్కుచెదరలేదు. చెట్టే మన వైపు జరిగింది.

పిల్లల్ని భయపెడుతున్నానన్నారు. వాళ్లు నిక్షేపంగా ఉన్నారు, భయం నాకే. తిరిగి ఆ గదికి పంపమన్నారు, పంపను. చర్య ఏదైనా తర్వాత తీసుకోండి.

మీ ఆఫీసు గది కూడా ఆ గుట్ట కిందే ఉంది. దయచేసి ఈ ఉత్తరం అక్కడ కూర్చుని చదవకండి.

ఇట్లు,
రెండో తరగతి టీచర్