చేనులో లేని బావి

ఊర్మిలక్కకు తమ్ముడు దేవదాస్ దండాలు. సిరిసిల్లలో సాంచాల మీద బట్ట నేసే పని నడుస్తోంది, నా గురించి రంది పెట్టుకోకు.

మన కోరుట్ల చేనును బాపు తెల్లకాగితం మీద తనకు అమ్మాడని చిన్నాయన కొడుకు ధనుంజయ్ దావా వేశాడు గదా. నీకొచ్చే కార్డులను పోస్టుమన్ ధనుంజయ్ కిరాణం దుకాణంలోనే ఇచ్చిపోతాడు. వాడు చదువుతున్నాడని నా అనుమానం. అందుకే పోయిన కార్డులో, చేను ఈశాన్యం మూల బావి పూడిక తీయించమని రాశాను. మనం బావి తవ్వించిందెప్పుడు? నాకు పిచ్చిలేసిందని నువ్వు అనుకొని ఉంటావు.

నిన్న జగిత్యాల కోర్టులో మన వకీలు, "చేనుకు నీళ్లు ఎక్కడియి?" అని అడిగాడు. ధనుంజయ్ తడుముకోకుండా, "ఈశాన్యం మూలకు బాయి ఉన్నది సార్, పదేండ్ల సంది నేనే పారిస్తున్న" అన్నాడు. జడ్జిగారు రాయించుకున్నారు. వచ్చే నెల కోర్టు మనిషి చేను చూడడానికి వస్తాడు.

అమ్మ పెట్టెలో ఉన్న శిస్తు రసీదులు ఎవరికీ ఇవ్వకు, వాయిదా నాడు నువ్వే పట్టుకొని జగిత్యాల బస్సెక్కి రా. మేక ఈనిందా? పిల్లలకు దీవెనలు.

తమ్మీ ధనుంజయ్, చదువుడు అయిపోతే కార్డు అక్కకియ్యి. గడ్డపార పట్టుకోని చేన్లకు పో, నెలరోజులే ఉన్నయి, బాయి తవ్వాలె.