కుక్క ముట్టని తేనె

ఆదోని, మంగళవారం రాత్రి

ఆసుపత్రిలో తేనె పట్టీ వేసినన్నాళ్లూ మా ఆయన కాలి షుగరు పుండు మానుతూ వచ్చింది. ఇంట్లో కట్టడానికి నేనే బజారులో తేనె కొన్నాను. అసలైన తేనెను కుక్క ముట్టదని మా నమ్మకం. అమ్మేవాడు కుక్క ముందు చుక్క వేశాడు.

"సూడక్కా, ముట్టలే!"

తీసుకున్నాను.

ఈ సాయంత్రం ఆయన నిద్రలో ఉండగా కట్టు విప్పితే పుండు నల్లబడి ఉంది, నిండా చీమలు. దులిపి, మళ్లీ కట్టి, సీసా పట్టుకుని ఆసుపత్రికి పరుగెత్తాను.

పుండు నల్లబడిందని చెప్పాను. నర్సు సీసా వాసన చూసింది. "ఇది బెల్లం పాకం కదమ్మా! మేం వాడేది శుద్ధి చేసిన తేనె. రేపే ఆయన్ని పిల్సుకురా. వేలు తీయల్లో, పాదమే తీయల్లో డాక్టరు సెప్తాడు."

ఆయనకింకా చెప్పలేదు. చీమలు కుట్టినా తెలియని ఆ కాలు చాపుకుని, "నొప్పే లేదు మే, మానుతాండాది" అంటున్నాడు.