మెట్ల కింది జపాన్ బండి

ఏవండీ,

మెట్ల కింద మూలపడ్డ మీ పాత జపాన్ బండిని తుక్కుకి అమ్మేయమని రాశారు కదా, అమ్మలేదు. ఇవాళ పొద్దున అది స్టార్టయింది! కార్బురేటర్ నేనే విప్పి, సన్న తీగతో కన్నాలన్నీ పొడిచి శుభ్రం చేసి బిగించాను. కిక్ కొట్టీ కొట్టీ కాలు పీకేసిందనుకోండి. అది ఒక్కసారిగా గర్జించేసరికి మీ అమ్మగారు "ఓసి నీ ఇల్లు బంగారంగానూ, పలికిందే!" అంటూ నన్ను వాటేసుకున్నారు.

హ్యాండిల్‌ను నా చేతులకు అందేలా వంపించాను. కొత్త సీటు అత్తయ్యే తన మిషను మీద కుట్టి, నడుముకి ఆనుకోవడానికి వెనక లావుపాటి దిండు బిగించుకున్నారు.

శనివారం స్టేషనుకి ఇద్దరం ఎదురొస్తాం. ఆ దిండుతో మూడో మనిషికి చోటు లేదు. మీ పెట్టె మాత్రం ఒళ్ళో పెట్టుకుంటానన్నారు అత్తయ్య. మీరు బస్సెక్కి వచ్చేయండి.

చేతులకింకా గ్రీజు వదలని,
మీ ఆవిడ