పులి జాలిపడని కథ

ఆత్మకూరు

అక్కా,

చిన్నప్పుడు అమ్మ మనకు చెప్పిన ఆవు, పులి కథ గుర్తుందా? దూడకు పాలిచ్చి, అన్న మాట ప్రకారం తిరిగొచ్చిన ఆవును పులి జాలిపడి వదిలేసేది. తమ్ముడు ఉమామహేశ్వర మేకలు తోలుకుని నల్లమల అడవికి పోయి తిరిగిరానప్పటి నుంచి ఆ కథ మారిపోయింది. ఇప్పుడు నా కూతురికి అమ్మ చెప్పే కథలో అడవికి పోయేది దూడ. "దాన్నిడిసి నన్ను తినప్పా" అంటూ ఆవు పులిని వెతుక్కుంటూ పోతుంది.

నిన్న మధ్యాహ్నం అమ్మ ఇంట్లో కనబడలేదు. అడవి దారిలో ఒంటరిగా నడుస్తుంటే వెంటబడి తీసుకొచ్చాను. ఓదార్చాలని మనం విన్న పాత కథే మళ్లీ చెప్పాను. అమ్మ నా చేయి గట్టిగా పట్టుకుంది.

"ఆ జాలుండే పులి యాడుండాదే? నన్నాడికి పిల్చుకపో" అంది.

నువ్వు తొందరగా రా.

నీ చెల్లెలు