సక్కుబాయి మెడపూసలు

కొత్తగూడ, తేది 21-7-1998, మంగళవారం. పొద్దుటి నుంచి ముసురు. బోరింగు దగ్గర నాలుగు బిందెలు పట్టి తెచ్చి ఇది వ్రాయుచున్నాను.

ప్రభుత్వ దవాఖాన సూపరింటెండెంటు గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: నా భార్య సక్కుబాయిని (58 సం.) తిరిగి చేర్చుకొని, డాక్టర్ మధుకర్ గారి చేతనే మెడ ఆపరేషన్ చేయించుట గురించి.

నేను, పెంటయ్య, మాదాపూర్‌లో కడుతున్న కంప్యూటర్ల బిల్డింగు దగ్గర సిమెంటు బస్తాల లెక్క రాయువాడను. బడికి పోలేదు, దుకాణాల బోర్డులు చూసి అక్షరాలు నేర్చుకున్నాను. మనవి చేయునది ఏమనగా:

1. రెండేళ్లుగా నా భార్యకు మెడనొప్పి. ప్రతి సాయంత్రం నేనే నూనె రాసి పిసికేవాడిని. ఏ రోజు ఎంత నొప్పో నోటుబుక్కులో రాసేవాడిని. మధుకర్ గారు మొదటి రోజునే ఆ మెడ మీద నన్ను చేయి వేయవద్దన్నారు. అని, తాను వేశారు. ఆయనకు ముప్పై ఏళ్లు దాటి ఉండవు.

2. ఆయన ఆమెను ఒక్కటే అడిగారు: "గిన్నెలు చేతిలకెల్లి జారుతున్నయా అమ్మా?"

"మూడు నెలల సంది, సారూ. వేళ్లు మొద్దుబారినయి" అన్నది. నాతో ఎన్నడూ అనలేదు. ఇంటికి పోయి నోటుబుక్కు చూసుకున్నాను. "గ్లాసు పగిలింది, అజాగ్రత్త" అని ఆరు చోట్ల నా రాతే ఉన్నది.

3. ఈ నెల 9వ తేదీన నేను వార్డుకు వచ్చేసరికి ఆమె మెడ బోసిగా ఉన్నది. పుస్తెలతాడు, నల్లపూసలు లేవు. అడిగితే "మధుకర్ సారు తియ్యుమన్నడు" అని నవ్వింది. స్కానింగు యంత్రం దగ్గరికి లోహం పోరాదని నాకు తరువాత తెలిసింది. పక్క మంచం మల్లమ్మ ఊరుకోలేదు.

"పరేషాన్ గాకన్నా! నీ పెండ్లాం మెడపూసల్ల స్ఫటికాలున్నయట. సారు ఫొటో గూడ దీపిచ్చిండు."

మెడపూస అంటే ఎముక అని తెలియనివాడిని కాను. కాని బోసి మెడ చూసి ఉన్నాను గనుక నాకు దండే తోచింది. నలభై ఏళ్లలో నేను కొననిది ఆయన పెట్టాడనుకున్నాను. "ఎవడు వెట్టిండే నీకు గా పూసలు?" అని వార్డంతా వినేట్టు అడిగాను.

"మా అమ్మ కడుపులకెల్లే తెచ్చుకున్న" అన్నది. అందరూ నవ్వారు.

4. ఆపరేషన్ కాగితం మీద సంతకం పెట్టలేదు. "మా ఇష్టంతో తీసుకపోతున్నాము" అని రాసిచ్చి బయటికి తెచ్చాను. మధుకర్ గారు ఆటో దాకా వచ్చి ఫిలిం ఎత్తి చూపించారు. రెండో మెడపూస నుంచి పైకి పన్నులాంటి ఎముక ఉంటుందని, దాని వెనుక సున్నపు స్ఫటికాలు గడ్డకట్టి వెన్నుపామును నొక్కుతున్నాయని చెప్పారు. మాత్రలు నొప్పికే గాని ఆ నొక్కుడుకు పనిచేయవట. వెనుక నుంచి కొంత ఎముక తీసి చోటు చేసి, పూసలు కదలకుండా బిగించాలట. నేను ఫిలిం వైపు చూడలేదు. ఆయన ఆమె మెడకు పట్టీ కట్టే తీరునే చూశాను.

5. నిన్నటి నుంచి ఆమె కుడికాలు ఈడుస్తున్నది. అన్నం నేనే తినిపిస్తున్నాను. ముద్ద నా చేతిది, మాట మాత్రం "మధుకర్ సారు ఏమన్నడంటే" అని.

కావున తప్పు నాదిగా రాసుకొని ఆమెను వెంటనే చేర్చుకోగలరు. వేరే డాక్టరును వేయవలదు. ఆమె ఆయనకే నిజం చెబుతుంది. నా సంతకం ఖాళీ కాగితం మీద పెట్టి జతచేశాను. పైన ఏమి కావలెనో ఆయననే రాసుకోమనండి.

ఆలస్యమైతే కాళ్లు దక్కవని విన్నవాడి మొరగా దీనిని చిత్తగించవలెను.

తమ విధేయుడు,
పెంటయ్య

తా.క.: ఆయన మీద నా కడుపుమంట చల్లారలేదు. అది అర్జీకి సంబంధించినది కాదు. ఆపరేషన్ అయి ఆమె వేళ్లకు పట్టు వస్తే, మొదట ఎవరి చేయి పట్టుకుంటుందో అని నిన్నటి నుంచి అదే ఆలోచన. ఆయనదే పట్టుకోనీయండి. పట్టుకోగలిగితే చాలు. లోపలి నుంచి "ఏమయ్యా, జర తల దువ్వుతవా, మెడ కదలకుంట" అంటున్నది. కాగితం మడిచి, దువ్వెన తీసుకొని పోతున్నాను.