అమ్మ పెళ్లి ప్రకటన

జనవరి 9, గురువారం

పాస్టరయ్య చర్చిలో కుదరదన్నాడట. అమ్మకిది రెండో పెళ్లి కాబట్టి ఇంట్లోనే ప్రార్థన చేయించుకుని కానివ్వాలట. ఆల్టర్ ముందు నిలబడేది మొదటిసారి పెళ్లయ్యేవాళ్లేనట. ఈ మాట చెప్పడానికి సంఘం పెద్ద కాశప్పను ఇంటికి పంపాడు. ఆ కాశప్పే, భార్య పోయిన ఏడాదికి అదే ఆల్టర్ ముందు బ్యాండుతో సహా రెండో పెళ్లి చేసుకున్నాడు. అమ్మ అదే అడిగితే, "మగోళ్ల సంగతి వేరేలేమ్మా" అన్నాడట.

అమ్మ ఫోన్లో మామూలుగానే చెప్పింది. వెనక కుట్టుమిషన్ చప్పుడు. నేను మాత్రం ఆదోనిలో స్టాఫ్‌రూమ్‌లో కూర్చుని టెన్త్ పేపర్ల మీద ఎర్ర పెన్ను విరగ్గొట్టాను.

జనవరి 10

ఈరోజు ప్రార్థన చేయలేదు. చేయాలనిపించలేదు.

జనవరి 11, శనివారం

ఎమ్మిగనూరు వచ్చాను. అమ్మను చేసుకోబోయే యేసేపు అంకుల్ ఇంట్లోనే ఉన్నాడు. లారీ మెకానిక్. భార్య కరోనాలో పోయింది. గొడవెందుకు, రిజిస్టర్ ఆఫీసులో చేసుకుందామన్నాడు. నేనూ అదే అన్నాను.

అమ్మకు కోపమొచ్చింది. "దాంకోని చేసుకోనికి నేనేం తప్పు చేసినా? దేవుని ముందర మాట ఇస్తే నలుగురూ ఇనల్ల. చర్చి ఉండేది దానికే కదా" అంది.

నాకు అమ్మ మీద కూడా కోపమే. నాన్న పోయి తొమ్మిదేళ్లే అయింది. ఎవరి కంటా పడకుండా ఎక్కడో జరిగిపోతే బాగుండని నాకూ అనిపించింది. ఇక కాశప్పను తిట్టడం దేనికి?

జనవరి 12, ఆదివారం

అమ్మతో కలిసి చర్చికి వెళ్లాను.

ఆరాధన చివర్లో పాస్టరయ్య ఎవరిదో పెళ్లి ప్రకటన చదివి, అభ్యంతరముంటే చెప్పమన్నాడు. పుస్తకం మూయబోతుంటే అమ్మ లేచింది. తన ప్రకటన తనే చెప్పింది.

"విధవరాలు సుధ, భార్య చనిపోయిన యేసేపు ఈ చర్చిలోనే పెండ్లి చేసుకుంటాండారు. ఎవురికన్నా అడ్డముంటే ఈడనే సెప్పండి. ఇంటికాడికి మనిషిని పంపొద్దండి."

కాశప్ప లేచి, ఇది పద్ధతి కాదు, కూర్చోమన్నాడు. అప్పుడు నేను లేచాను. మీ రెండో పెళ్లికి క్వయర్‌లో పాడింది నేనే, ఆ రోజు ఈ పద్ధతి ఎక్కడికి పోయిందని అడిగాను. గొంతు చీలిపోయింది. ఏడ్చానని అనుకుని ఉంటారు. ఏడవలేదు.

గంగమ్మవ్వకు ఎనభై దాటాయి. కూర్చున్నచోటి నుంచే పాస్టరయ్యతో, "నాకైతే అడ్డం లేదప్పా. రాసుకో" అంది. ఇంకో ఇద్దరు ఆడవాళ్లు అదే మాటన్నారు. పాస్టరయ్య పుస్తకం మళ్లీ తెరిచాడు.

జనవరి 26

వరసగా మూడో ఆదివారం కూడా అమ్మ ప్రకటన చదివారు, ఇక పెళ్లి చేయొచ్చు. కాశప్ప రెండు వారాలుగా రావడం లేదు.

ఫిబ్రవరి 6, గురువారం

ఈరోజు అమ్మ పెళ్లి. చర్చివాళ్లు కండిషన్లు పెట్టారు. తెల్లచీర వద్దు, ముసుగు వద్దు, గంట కొట్టరు. అవన్నీ మొదటి పెళ్లికేనట. నేను అరవబోతే అమ్మ ఆపింది. ఆకుపచ్చ పట్టుచీర కట్టుకుంది.

ఆల్టర్ దాకా చెయ్యి పట్టుకుని నడిపించింది నేనే. "మెల్లగా పట్టుకో, నొస్తాంది" అంది.

ఫిబ్రవరి 9, ఆదివారం

అమ్మ యేసేపు అంకుల్‌తో మగవాళ్ల వైపు బెంచీ మీద కూర్చుంది. మా చర్చిలో ఆడవాళ్లెవరూ అటు కూర్చోరు. ఎవరూ లేవమనలేదు. ఆ కండిషన్ల మీద నాకింకా కోపం తగ్గలేదు.