పేజీ అంచున పచ్చ సిరా

నవంబరు 3, సోమవారం

ఎనిమిదింటికి తెరవాల్సిన గ్రంథాలయం ఎనిమిదీ ఇరవైకి తెరిచారు. బస్సయి ఉంటే సంజాయిషీ రాయించేవాడిని. బస్టాండులో కంట్రోలర్ కుర్చీ దిగి పదిహేడేళ్ళయింది, ఆలస్యం చూస్తే ఇంకా ఒళ్ళు మండుతుంది.

కొత్త లైబ్రేరియన్ షాహీనా. సోమ, మంగళ, బుధ ఇక్కడ ఉదయగిరిలో, మిగతా రోజులు ఆత్మకూరులో. రెండూళ్ళకూ ఒక్క మనిషి. చదువు మీద ప్రభుత్వానికి ఉన్న శ్రద్ధ అంత.

గ్రంథాలయ వారోత్సవాలకు పిల్లల మూల తయారు చేస్తుందట. రంగుల చాపలు, బొమ్మల పుస్తకాలు. చోటు కోసం పాత పుస్తకాలు తీసేస్తుందట.

"తీసెయ్యమ్మా, సగం చెత్తే" అన్నాను.

ఈ ఊళ్ళో నా మాట విన్న మొదటి లైబ్రేరియన్.

నవంబరు 4, మంగళవారం

కిటికీ కింద నేల మీద పుస్తకాల గుట్ట. పైది తీసి తెరిచాను. పేజీ అంచున పెన్సిల్ రాత. నాది. దాని కింద పచ్చ సిరా రాత. ఇంకోటి తీశాను. మళ్ళీ నా పెన్సిల్, మళ్ళీ పచ్చ సిరా. ముప్ఫై ఒక్క పుస్తకాలు, అన్నీ అంతే.

"ఇవెందుకు తీసినావు? చినగలేదు, చెదలు పట్టలేదు."

"రాతలున్నాయి కదా సార్" అని సలహాల పుస్తకం తెచ్చి నా ముందు పెట్టింది. "మీరే కదా రాసినారు?"

నేనే. పేజీ నిండా. పన్నెండేళ్ళ నాటి ఫిర్యాదు. 'అంచుల్లో గీకే పాఠకులు గ్రంథాలయానికి పట్టిన చీడ. అట్టి పుస్తకములను అరల నుండి తొలగించవలెను.' కింద సంతకం, తేదీ.

అది పచ్చ సిరా మీద కోపంతో రాసింది. నేనూ అదే పని చేస్తున్నానన్న సంగతి ఆ పూట గుర్తుకు రాలేదు. పెన్సిల్ రాత రాత కాదనుకున్నానేమో.

నలుగురు లైబ్రేరియన్లు వచ్చిపోయారు, ఒక్కరూ ఆ సలహాల పుస్తకం తెరవలేదు. ఈ అమ్మాయి తెరిచింది. చదివింది. చదివేవాళ్ళు లేరని జన్మంతా ఏడ్చాను — ఇప్పుడు దొరికింది, నా ఖర్మ కొద్దీ.

"ఆ పెన్సిల్ ఎవరిదో సార్?" అంది.

తెలియదన్నాను.

నవంబరు 5, బుధవారం

ఇది ఇంతవరకు ఎక్కడా రాసుకోలేదు. రాస్తాను.

చెంచురామయ్య. పెద్దవీధిలో కిరాణా అంగడి. గెజిటెడ్ ఆఫీసరు కాని వాడికి పచ్చ సిరా ఎందుకు? పొగరు. త్రాసు పక్కనే పుస్తకం. గిరాకీ లేనప్పుడు చదివేవాడు, ఉన్నప్పుడూ చదివేవాడు. నేను బస్సుకూ బస్సుకూ మధ్య చదివేవాడిని. నేను తిరిగి ఇచ్చిన పుస్తకం వాడు తీసుకుపోయేవాడు. నా మాట కింద వాడి మాట. 'కంట్రోలరూ, నీకు బస్సుల టైము తెలుసు గానీ మనుషుల టైము తెలీదు.' నేను రాశాను: 'తూకం వేసే చేత్తో విమర్శ రాయకు.'

అప్పట్లో ఎదురుపడితే టీ తాగేవాళ్ళం.

ఒక కరువు నవల ఉండేది. పెద్ద పేరున్న నవల. దాని చివరి పేజీ అంచున రాశాను — 'మూడు వందల పేజీల కరువులో ఒక్క మనిషీ మంచినీళ్ళు అడగలేదు. రాసినవాడు కరువు చూడలేదు.' ఆ ఏడు వారోత్సవాల సభలో వక్త చెంచురామయ్య. అదే మాట, అక్షరం పొల్లుపోకుండా, తనదిగా చెప్పాడు. చప్పట్లు. శాలువా. నేను వెనక తలుపు దగ్గర నిలబడి ఉన్నాను, నెల్లూరు బస్సు వదిలేసి వచ్చి. వాడు నన్ను చూశాడు. చూసి, కాగితం తిప్పాడు.

ముప్ఫై ఏళ్ళు. ఆ రోజు నుంచి ఒక్క మాట లేదు. వాడి అంగడిలో అగ్గిపెట్టె కూడా కొనలేదు.

కానీ రాయడం మానలేదు. వాడూ మానలేదు. వీధిలో ముఖం తిప్పుకునేవాళ్ళం, పుస్తకంలో పోట్లాడుకునేవాళ్ళం. నాలుగేళ్ళ కిందట పక్షవాతం వచ్చి, ఆత్మకూరులో కూతురింటికి వెళ్ళిపోయాడు. అప్పటి నుంచి నా పెన్సిల్ కింద ఎవరూ రాయడం లేదు.

నవంబరు 6, గురువారం

షాహీనా ఆత్మకూరులో. ఊడ్చే మస్తానమ్మ తాళం తీస్తుంది, లైబ్రేరియన్ లేని రోజుల్లో పేపర్లు మాత్రమే. రబ్బరు కొనుక్కుపోయాను. రాతలు లేకపోతే పుస్తకం అరలోకి పోతుంది కదా!

"ఏందయ్యా, ఇస్కూలు పిలకాయ మాదిరి రుద్దతా ఉండావు?"

"నీ పని నువ్వు చూసుకో."

"నా పనే చూసుకుంటుండా. ఆ రబ్బరు పొట్టంతా ఊడ్చేది నేనే కదా."

ఒక పుస్తకం, పన్నెండు పేజీలు చెరిపాను. తర్వాత చూశాను. నా పెన్సిల్ పోయింది. పచ్చ సిరా పోదు. 'కాదు.' 'ఎవరు చెప్పినారు నీకు?' 'ఈ ఒక్కటీ ఒప్పుకుంటా.' అన్నీ జవాబులే. ప్రశ్న లేదు. బస్సులో పక్కవాడు ఫోనులో మాట్లాడుతుంటే మనకు వినబడే సగంలాగా.

ఏది ఒప్పుకున్నాడో ఇక తెలియదు. నేనే చెరిపేశాను. ఎంత ఆలోచించినా గుర్తుకు రావడం లేదు.

రబ్బరు కిటికీలోంచి పారేశాను.

నవంబరు 7, శుక్రవారం

గ్రంథాలయానికి సెలవు. ఎవరితోనూ మాట్లాడలేదు. పాలవాడు కూడా ప్యాకెట్టు గడియకు తగిలించి పోయాడు.

నవంబరు 9, ఆదివారం

పేపర్ల రోజు. పోటీ పరీక్షలకు చదివే కుర్రాళ్ళు ఆరుగురు, ఆరుగురి చెవుల్లోనూ వైర్లు. గ్రంథాలయానికి వచ్చేది ఫ్యాను కోసం, ఫోను చార్జింగు కోసం. చదివేది గైడు.

గుట్ట అలాగే ఉంది. దాని మీద ఎవరో హెల్మెట్ పెట్టారు. తీసి నేల మీద పెట్టాను.

నవంబరు 10, సోమవారం

చెప్పేశాను. పెన్సిల్ నాదే అని.

"తెలుసు సార్. ఫిర్యాదులో రాత, పుస్తకాల్లో రాత ఒకటే కదా."

వారం నుంచీ తెలుసు! ఊరికే ఉంది. నాకు సిగ్గేసింది, ఈ వయసులో.

ఆపమన్నాను. తీసేసిన పుస్తకాల లిస్టు నెల్లూరు జిల్లా ఆఫీసుకు పోయిందట. పదిహేడో తేదీ పొద్దున ఎనిమిదింటికి బండి వస్తుందట. తర్వాత తూకానికి. పుస్తకాలు కిలోల లెక్కన — చెంచురామయ్య వింటే నవ్వేవాడు.

బల్ల సర్దుతూ, నా వైపు చూడకుండా అంది, "అయితే సార్, బండి వచ్చిన రోజు బయట ఉన్న పుస్తకం నేను ఇయ్యలేను కదా. ఎవరి కార్డు మీదన్నా పోయి ఉంటే, లిస్టులో కొట్టేసి 'పాఠకుల వద్ద ఉన్నది' అని రాయాల. చదివే పుస్తకమని తేలితే తర్వాత వాళ్ళూ అడగరు."

కార్డుకు రెండు పుస్తకాలు. ముప్ఫై ఒకటికి పదహారు కార్డులు కావాలి. నాది ఒకటి.

కొత్త సభ్యులను చేర్పించమంది. "వారోత్సవాల్లో మాకు కావాల్సిందీ అదే సార్. పదిమందికి చదువు మీద ఆశ పుట్టించండి."

నేను. పదిమందికి. ఆశ.

నవంబరు 11, మంగళవారం

ఎవరిని అడగాలి? ఈ ఊళ్ళో నేను తిట్టనివాళ్ళ పేర్లు రాద్దామని కాగితం తీశాను. మస్తానమ్మ పేరు రాసి ఆగాను. ఆమెనూ గురువారం కసిరాను.

మా ఆవిడ బతికి ఉంటే ఇంకో కార్డు. రెండు పుస్తకాలు.

మస్తానమ్మ: "నాకు చదువు రాదు కదయ్యా."

"చదవొద్దు. ఇంట్లో పెట్టుకో చాలు."

"చదవనోళ్ళని ఇన్నాళ్ళూ నోటికొచ్చినట్టు తిట్టి, ఇప్పుడు చదవొద్దని బతిమాలతా ఉండావే!" పడీ పడీ నవ్వింది. ఆధార్ కార్డు జిరాక్సు మాత్రం తెచ్చింది. తనది, కోడలిది.

పరీక్షల కుర్రాడు ఒకడు: "సిలబస్‌లో ఉండాయా సార్ ఇవి?" లేవన్నాను. "మరెందుకు?" జవాబుకు బదులు ఫారం వాడి ముందుకు జరిపాను. డెబ్భై అయిదేళ్ళు వచ్చి, ఇంత చదివి, ఆ ఒక్క ప్రశ్నకు ఇదీ నా జవాబు. వాడే జాలిపడి సంతకం పెట్టాడు.

రిటైర్డు హెడ్మాస్టరు ఇంటికీ వెళ్ళాను. ఆయన కవితా సంపుటి మీద నేను రాసింది ఆయన మరిచిపోలేదు. "'అట్ట బాగుండాది' అని రాసినావు. అంతే రాసినావు. పో" అన్నాడు. తలుపు వేయలేదు, నేను మెట్లు దిగేదాకా నిలబడి చూశాడు. నిజానికి అట్ట కూడా బాగాలేదు.

నవంబరు 12, బుధవారం

చెక్క గరిటెలు చెక్కే వీధిలో ముగ్గురు ఆడవాళ్ళు చేరారు. షాహీనా మాట మీద, నా మాట మీద కాదు. ఒకామె నిజంగానే చదువుతానంది, పొట్టు దులుపుకుని పుస్తకం రెండు చేతులతో తీసుకుంది. అంచు రాతలు చూసి, "ఎవరో కొట్లాడుకున్నట్టుండారే" అంది.

మొత్తం ఏడు కార్డులు. పద్నాలుగు పుస్తకాలు.

నా కార్డు మీద ఒకటి కరువు నవల. సభ తర్వాత మళ్ళీ చదవలేదు దాన్ని, మొన్న గుట్టలో చూసినప్పుడూ చివరిదాకా పోలేదు. ఈ రోజు చివరి పేజీ తెరిచాను. నా మాట ఉంది. దాని కింద పచ్చ సిరా.

'ఈ మాట నీదే. సభలో చెప్పాలనే లేచినా. నీ మొహం చూసినాక నోరు రాలా.'

తేదీ లేదు. మరునాడు రాశాడో, పదేళ్ళకు రాశాడో.

ఊరందరి ముందు దొంగిలించి, ఎవరూ తెరవని పుస్తకంలో ఒప్పుకుంటే సరిపోయిందా? నేను ఆ పుస్తకం మళ్ళీ తీయనని వాడికి తెలుసు. తెలిసే అక్కడ రాశాడు. పిరికివాడు.

లేక, తీస్తానని ఎదురు చూశాడా?

నవంబరు 14, శుక్రవారం

సెలవు రోజే అయినా వారోత్సవాల ప్రారంభోత్సవం. నాయకుడు గంటన్నర ఆలస్యం, చదువు గురించి నాలుగు నిమిషాలు, ఫొటోలు అరగంట. శాలువా హెడ్మాస్టరుకు.

పిల్లలు చాపల మీద బొమ్మల పుస్తకాలు తిరగేస్తున్నారు. షాహీనా నన్ను వాళ్ళ మధ్య కూర్చోబెట్టింది, చదివి వినిపించమని. ఏనుగు కథ. ఏనుగు అలా చేయదు, కథ తప్పు అన్నాను. పిల్లలందరూ ఒకేసారి, "చేస్తాది! చేస్తాది!" అని అరిచారు. వాదన. అరగంట తెలియలేదు.

ఒక పిల్ల అడిగింది, "తాతా, పుస్తకంలో రాయకూడదంట కదా?"

"రాయకూడదు" అన్నాను. షాహీనా నోటికి పవిట అడ్డం పెట్టుకుంది.

పోయేటప్పుడు ఒక ఫారం ఇచ్చింది. "పచ్చ సిరా ఎవరిదో రిజిస్టరులో చూసినా సార్. చెంచురామయ్య గారి కార్డు ఇంకా ఇక్కడే ఉండాది. గడువు దాటింది. సంతకం పెడితే ఇంకో రెండు. ఆదివారం సాయంత్రం ఆత్మకూరు లైబ్రరీకి ఆయన్ను కూతురు తీసుకొస్తాది. చదవలేరు. ఊరికే కూచుంటారు."

పోనన్నాను.

నవంబరు 16, ఆదివారం

పోయాను.

బస్సు దుత్తలూరు దగ్గర పావుగంట ఆపాడు. ఏమీ అనలేదు. అనడానికి మనసు అక్కడ లేదు.

పేపర్ల బల్ల దగ్గర ఉన్నాడు. సగానికి సగం అయ్యాడు. నోరు ఒక పక్కకు. జేబులో మాత్రం పెన్ను. కూతురు పద్మావతి నన్ను గుర్తుపట్టి, వంగి చెవిలో చెప్పింది, "నాయనా, ఎవరొచ్చినారో చూడు. కంట్రోలర్ సార్."

నన్ను చాలాసేపు చూశాడు. "కాదు" అన్నాడు.

"ఆ మాట ఒక్కటే వస్తాది సార్. అన్నం తిన్నావా అన్నా అదే, నొప్పిగా ఉండాదా అన్నా అదే."

ఎదురుగా కూర్చున్నాను. ఏం మాట్లాడాలి? కరువు నవల తెరిచాను. పేజీ చదవలేదు, అంచు చదివాను. నా మాట. తర్వాత ఆయన మాట. మళ్ళీ నాది. నా మాట వచ్చిన ప్రతిసారీ "కాదు." ఆయన మాట చదివినా "కాదు." ఒకచోట 'తూకం వేసే చేత్తో' అని నేను రాసింది చదవగానే, సగం నోటితో నవ్వి, "కాదు కాదు కాదు." నాకూ నవ్వొచ్చింది. పేపరు చదివేవాళ్ళు తలెత్తి చూశారు. ఇద్దరు ముసలాళ్ళం, ముప్ఫై ఏళ్ళ తర్వాత, ఒక్క మాటతో గంటసేపు పోట్లాడాం.

చివరి పేజీకి వచ్చాను. ఆయన నా చేతి వైపే చూస్తున్నాడు. ఆ పేజీలో ఏముందో ఆయనకు తెలుసు. నా మాట చదివాను. దాని కింది పచ్చ మాట చదవలేదు. పుస్తకం మూసేశాను.

ఎందుకు మూశానో తెలియదు. చదివితే మా మధ్య ఇక ఏమీ మిగలదనిపించింది.

ఫారం తీశాను. పద్మావతి అంది, "సంతకం పెట్టలేరు సార్. అన్నిటికీ వేలిముద్రే." షాహీనా ఇంకు ప్యాడు తెచ్చి పెట్టింది. ఆయన బొటనవేలు పట్టుకున్నాను. చల్లగా ఉంది. ఇన్నేళ్ళలో ఆయన చెయ్యి నేను ముట్టుకోవడం ఇదే మొదటిసారి.

వేలు లోపలికి మడిచేశాడు. పిడికిలి. జేబులోని పెన్ను వైపు చూశాడు.

"ఏంది నాయనా, పుస్తకాలు పోతాయంట. వెయ్యి."

"కాదు."

ఈసారి ఆ మాట నాకు అర్థమైంది. లాగి వేయించి ఉండొచ్చు, బలం లేదు ఆ చేతిలో. వదిలేశాను. అన్ని పుస్తకాలు చదివిన మనిషి చేత వేలిముద్ర వేయించి పుస్తకం తీసుకోవాలా?

ఐదున్నర బస్సుకు వచ్చేశాను. లేచేటప్పుడు వస్తానన్నాను. ఆయన 'కాదు' అనలేదు.

ఫారం నా ముందుంది. సంతకం గడి ఖాళీ. ఆ సంతకం నాకు వచ్చు. ముప్ఫై ఏళ్ళు చదివింది ఆ చేతిరాతనే, 'చె' కింద ఆ వంకరతో సహా.

రేపు ఎనిమిదింటికి బండి. బస్టాండు పక్క ఫ్యాన్సీ షాపు ఏడున్నరకే తెరుస్తారు. పచ్చ పెన్ను ఉంటుందో ఉండదో.